సొంత ట్రాన్స్‌పోర్ట్‌లో వన్-వే మెసేజ్‌లు: జవాబు లేని కాల్‌ను సరిగా ముగించడం ఎలా

వెబ్ సర్వీస్‌కు సొంత ట్రాన్స్‌పోర్ట్ (మెసేజ్‌లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసే పొర) రాసేవాళ్లలో చాలామంది ముందు రిక్వెస్ట్-రిప్లైని నడిపించుకుంటారు. క్లయింట్ అడిగింది, సర్వర్ జవాబిచ్చింది, టెస్ట్‌లు పాసయ్యాయి. కొన్నాళ్లకు కాంట్రాక్ట్‌లో (సర్వీస్ ఏ ఆపరేషన్లు ఇస్తుందో చెప్పే నిర్వచనంలో) ఎవరో ఒక ఆపరేషన్‌ను వన్-వే, అంటే జవాబు ఉండనిదిగా, చేస్తారు. ఆ ఒక్క మార్పుతో సర్వర్‌లో నల్ రిఫరెన్స్ ఎక్సెప్షన్ వస్తుంది. లేదంటే క్లయింట్ టైమవుట్ అయ్యేదాకా కదలకుండా ఉండిపోతుంది. ఇవి రెండూ వెంటనే కనిపిస్తాయి కాబట్టి నయం. కనెక్షన్ పూల్ (మళ్లీ వాడుకోవడానికి తెరిచి ఉంచిన కనెక్షన్ల నిల్వ) మెల్లగా ఖాళీ అయిపోవడం, వెళ్లిందనుకున్న మెసేజ్ వెళ్లకపోవడం మాత్రం ప్రొడక్షన్‌కు వెళ్లాకే బయటపడతాయి.

ఇవన్నీ ఒకే అపోహలోంచి పుడతాయి. వన్-వేలో జవాబు ఉండదు కాబట్టి ట్రాన్స్‌పోర్ట్‌కు వెనకవైపు పనేమీ ఉండదనుకుంటాం. కానీ ప్రతి కాల్ ఎక్కడో ఒకచోట ముగియాలి. క్లయింట్‌లో ఆగి ఉన్న థ్రెడ్‌ను వదలాలి, కనెక్షన్ పూల్‌కు తిరిగి చేరాలి, బఫర్ ఖాళీ కావాలి. మామూలు కాల్‌లో వచ్చిన జవాబే ఈ పనులన్నిటికీ సంకేతం. వన్-వేలో ఆ సంకేతం ఏమిటో ట్రాన్స్‌పోర్ట్ రాసే మీరే తేల్చాలి.

ఉదాహరణకు మైక్రోసాఫ్ట్ డబ్ల్యూసీఎఫ్ (విండోస్ కమ్యూనికేషన్ ఫౌండేషన్) ఛానల్ మోడల్‌ను తీసుకుంటున్నాను. 2006లో డాట్‌నెట్ 3.0తో వచ్చిన ఈ మోడల్ ఇప్పుడు కొత్త డాట్‌నెట్ కోసం వచ్చిన ఓపెన్ సోర్స్ రూపం కోర్‌డబ్ల్యూసీఎఫ్‌లోనూ కొనసాగుతోంది. వన్-వే విషయంలో ట్రాన్స్‌పోర్ట్ బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. జావా వైపు తేడాలు చివర్లో చెబుతాను.

మొదటి అడుగు: ఏది వన్-వే, ఏది కాదు

వాయిడ్ తిరిగిచ్చే మెథడ్ అంతా వన్-వే కాదు. డబ్ల్యూసీఎఫ్‌లో ఆపరేషన్ కాంట్రాక్ట్ మీద ఈజ్‌వన్‌వే అనే గుర్తును ట్రూ చేస్తేనే అది వన్-వే అవుతుంది. ఆ గుర్తు లేని వాయిడ్ మెథడ్‌కు మామూలుగా జవాబు వస్తుంది. ఆ జవాబు ఒక పూర్తి సోప్ ఎన్వలప్ (మెసేజ్‌ను చుట్టి ఉంచే ఎక్స్‌ఎమ్‌ఎల్ కవర్), దాని బాడీలో మాత్రం విలువేమీ ఉండదు. క్లయింట్ దాని కోసం ఎదురుచూస్తుంది. సర్వర్‌లో ఎక్సెప్షన్ వస్తే ఆ సంగతి ఫాల్ట్ (తప్పును తెలిపే మెసేజ్) రూపంలో అందుతుంది. "ఖాళీ జవాబు", "జవాబే లేదు" అనే ఈ రెండూ మీ వైర్ మీద వేరువేరుగా కనిపించాలి. దీని అవసరం ఫ్రేమ్‌ను, అంటే వైర్ మీద వెళ్లే ఒక్కో బైట్ల కట్టను, గీసేటప్పుడు వస్తుంది.

వన్-వే అని గుర్తు పెట్టాక తిరిగిచ్చే విలువ ఉండకూడదు, అవుట్, రెఫ్ పారామీటర్లూ ఉండకూడదు. ఉంటే ఇన్‌వ్యాలిడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ వస్తుంది. ఇది కాంట్రాక్ట్ స్థాయిలోనే ఆగిపోతుంది, ట్రాన్స్‌పోర్ట్ దాకా రాదు.

ఫాల్ట్‌ల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. 2001 నాటి డబ్ల్యూఎస్‌డీఎల్ (వెబ్ సర్వీస్‌ను వర్ణించే భాష) 1.1లో ఇన్‌పుట్ మాత్రమే ఉన్న ఆపరేషన్ వన్-వే. 2007లో డబ్ల్యూ3సీ రికమండేషన్‌గా వచ్చిన డబ్ల్యూఎస్‌డీఎల్ 2.0 దీన్ని రెండుగా విడదీసింది. ఇన్-ఓన్లీలో ఫాల్ట్ కూడా వెనక్కి రాదు. రోబస్ట్ ఇన్-ఓన్లీలో మామూలు జవాబు ఉండకపోయినా ఫాల్ట్ రావచ్చు. మీ సర్వీస్ వాడేవాళ్లు ఈ రెండింటిలో దేన్ని ఆశిస్తున్నారో అడిగి తెలుసుకోండి. "తప్పు జరిగితే మాకు తెలియాలి" అని వాళ్లంటే వాళ్లకు కావలసింది వన్-వే కాదు, వాయిడ్ తిరిగిచ్చే మామూలు ఆపరేషన్. ఈ ఒక్క ప్రశ్నతోనే చాలా చోట్ల వన్-వే అవసరమే లేదని తేలుతుంది.

రెండో అడుగు: ఛానల్ ఆకారం ఎంచుకోవడం

డబ్ల్యూసీఎఫ్‌లో ట్రాన్స్‌పోర్ట్ మూడు ఆకారాల్లో ఉండవచ్చు. పంపడం మాత్రమే తెలిసిన అవుట్‌పుట్ ఛానల్, దానికి జతగా ఇన్‌పుట్ ఛానల్. అడిగి జవాబు తెచ్చే రిక్వెస్ట్ ఛానల్, దానికి జతగా రిప్లై ఛానల్. రెండు వైపులా ఎప్పుడైనా పంపగల డ్యూప్లెక్స్ ఛానల్. వీటిలో ప్రతిదానికీ సెషన్ ఉన్న రూపం కూడా ఉంటుంది.

మీ కింద ఉన్నది యూడీపీ లాంటిదో, మెసేజ్ క్యూనో అయితే అవుట్‌పుట్, ఇన్‌పుట్ జతే సహజం. కాంట్రాక్ట్‌లోని ఆపరేషన్లన్నీ వన్-వే అయితే డబ్ల్యూసీఎఫ్ ఈ జతతో సరిపెట్టుకుంటుంది. ఒక్క ఆపరేషన్ జవాబు కోరినా సరిపోదు, రిక్వెస్ట్ ఛానల్ గానీ డ్యూప్లెక్స్ గానీ కావాలంటుంది. మైక్రోసాఫ్ట్ మెసేజ్ క్యూ అయిన ఎమ్‌ఎస్‌ఎమ్‌క్యూ మీద నడిచే నెట్ఎమ్‌ఎస్‌ఎమ్‌క్యూ బైండింగ్ కాంట్రాక్ట్‌లో అన్నీ వన్-వేలే ఉండాలని పట్టుబట్టేది ఇందుకే.

కింద ఉన్నది హెచ్‌టీటీపీలా అడిగి జవాబు తెచ్చే తరహా అయితే రిక్వెస్ట్, రిప్లై జత రాస్తారు. ఇందులో వన్-వే కాల్‌లు కూడా అదే రిక్వెస్ట్ మెథడ్ గుండా వస్తాయి. అంటే జవాబు కోసం కట్టిన దారి మీద జవాబు లేని మెసేజ్‌ను నడపాలి. అసలు చిక్కంతా ఇక్కడే కాబట్టి ఇకపై ఎక్కువగా ఈ జత గురించే మాట్లాడతాను.

ఒక ఛానల్ ఆకారాన్ని ఇంకో ఆకారంలోకి మార్చే బైండింగ్ ఎలిమెంట్లు (ఛానల్ పొరలను ఒకదానిపై ఒకటి పేర్చే ముక్కలు) కూడా ఉన్నాయి. వన్‌వే బైండింగ్ ఎలిమెంట్ అలాంటిదే. అది మీకు పనికొచ్చినా, కింద మీ ట్రాన్స్‌పోర్ట్ నల్ జవాబును సరిగా మోయకపోతే పైన ఏ ఎలిమెంట్ పెట్టినా లాభం లేదు.

మూడో అడుగు: ఫ్రేమ్‌లో అంగీకారానికి చోటు

టీసీపీ మీద సొంత ఫ్రేమింగ్‌తో ఒక ట్రాన్స్‌పోర్ట్ రాస్తున్నారనుకుందాం. ప్రతి ఫ్రేమ్ మొదట్లో రకం చెప్పే 1 బైట్, ఆ కాల్‌ను గుర్తుపట్టే 16 బైట్ల ఐడీ, బాడీ పొడవు చెప్పే 4 బైట్లు ఉంటాయి. మొత్తం 21 బైట్ల హెడర్, ఆ తర్వాత బాడీ. రకాలు ఇలా పెట్టుకోండి: 1 అంటే రిక్వెస్ట్, 2 అంటే జవాబు, 3 అంటే "అందింది, జవాబు లేదు", 4 అంటే "తీసుకోలేకపోయాను".

3 ఎందుకు, పొడవు 0 ఉన్న 2 సరిపోదా అన్న సందేహం వస్తుంది. సోప్ ఎన్వలప్ ఎప్పుడూ 0 బైట్లు ఉండదు కాబట్టి సోప్ వరకు సరిపోతుంది. కానీ రేపు మీ ట్రాన్స్‌పోర్ట్ మీద ఎవరైనా ఎన్వలప్ లేకుండా ఉత్త బైట్లు పంపే ఎన్‌కోడర్ (మెసేజ్‌ను బైట్లుగా మార్చే భాగం) పెడితే, నిజంగా ఖాళీగా ఉన్న జవాబు 0 బైట్లతోనే వస్తుంది. అప్పుడు అది ఖాళీ జవాబో, జవాబు లేకపోవడమో క్లయింట్‌కు తెలిసే దారి ఉండదు. రకానికి ఒక బైట్ ఎలాగూ ఉంది, దాన్నే వాడండి. హెచ్‌టీటీపీలో ఈ పని 202 అనే స్టేటస్ కోడ్ చేస్తుంది: తీసుకున్నాను, పని పూర్తయిందని మాత్రం అనడం లేదు.

రిక్వెస్ట్ ఫ్రేమ్‌లోనే "ఇది వన్-వే" అని చెప్పే బిట్ పెడదామనిపిస్తుంది. డబ్ల్యూసీఎఫ్‌లో అది కుదరదు. పై పొర మీ రిక్వెస్ట్ ఛానల్‌ను పిలిచేటప్పుడు మెసేజ్‌నూ టైమవుట్‌నూ ఇస్తుందే తప్ప ఆపరేషన్ ఏ తరహాదో చెప్పదు. మెసేజ్ ఎక్కడికి వెళ్లాలో, జవాబు ఎక్కడికి రావాలో చెప్పే డబ్ల్యూఎస్-అడ్రెసింగ్ హెడర్లలో మెసేజ్ ఐడీ గానీ రిప్లై-టూ గానీ లేకపోతే అది వన్-వే అని ఊహించే కోడ్ కనిపిస్తుంటుంది. ఆ దారిలో వెళ్లకండి. అడ్రెసింగ్ లేని సోప్ 1.1 మెసేజ్‌లో మామూలు రిక్వెస్ట్‌కు కూడా ఆ హెడర్లు ఉండవు. ఊహ తప్పిన రోజున క్లయింట్ రావలసిన జవాబు కోసం చూడకుండానే వెళ్లిపోతుంది.

కాబట్టి క్లయింట్ ప్రతి రిక్వెస్ట్‌కూ వెనక్కి ఒక ఫ్రేమ్ వస్తుందని ఎదురుచూడాలి. అది 2 గానీ 3 గానీ 4 గానీ కావచ్చు. ఏది పంపాలో సర్వర్ వైపు డిస్పాచర్‌కు (వచ్చిన మెసేజ్‌ను సరైన ఆపరేషన్‌కు అందించే భాగానికి) తెలుసు, ఎందుకంటే కాంట్రాక్ట్ దాని దగ్గరే ఉంటుంది.

నాలుగో అడుగు: సర్వర్‌లో నల్ జవాబు

సర్వర్‌లో మీరు అందించే రిక్వెస్ట్ కాంటెక్స్ట్‌కు (వచ్చిన ఒక్కో రిక్వెస్ట్‌కు ప్రతినిధిగా ఉండే వస్తువుకు) రిప్లై అనే మెథడ్ ఉంటుంది. వన్-వే ఆపరేషన్ అయితే డిస్పాచర్ దాన్ని నల్‌తో పిలుస్తుంది. సంకేతం అదే. కోడ్‌లో ఆ నల్‌ను నేరుగా ఎన్‌కోడర్‌కు ఇచ్చేసి నల్ రిఫరెన్స్ ఎక్సెప్షన్ తెచ్చుకోవడం అందరికీ మొదట ఎదురయ్యే సంగతి. రిప్లై ఇలా ఉండాలి:

రిప్లై (మెసేజ్, టైమవుట్):
— ఈ కాంటెక్స్ట్‌కు ఇప్పటికే జవాబు వెళ్లి ఉంటే, ఎక్సెప్షన్ ఇవ్వు.
— మెసేజ్ నల్ అయితే, రకం 3, అదే ఐడీ, పొడవు 0 ఉన్న ఫ్రేమ్ రాయి.
— మెసేజ్ ఉంటే, ఎన్‌కోడ్ చేసి రకం 2 ఫ్రేమ్‌గా రాసి, మెసేజ్‌ను క్లోజ్ చెయ్యి.
— జవాబు వెళ్లిందని గుర్తు పెట్టు.

ఎసింక్రనస్ రూపాన్ని మర్చిపోవద్దు. బిగిన్‌రిప్లై గానీ రిప్లైఎసింక్ గానీ వేరే దారిలో రాసి ఉంటే ఈ నల్ పరీక్ష అక్కడా ఉండాలి. రెండు దారులూ ఒకే లోపలి ఫంక్షన్‌ను పిలిచేలా రాస్తే ఈ పొరపాటుకు చోటుండదు.

జవాబు పంపకుండానే కాంటెక్స్ట్‌ను క్లోజ్ లేదా అబార్ట్ చేసే సందర్భాలు ఉంటాయి. మధ్యలో ఏదో పొర మెసేజ్‌ను తిరస్కరించి ఉండవచ్చు, సర్వీస్ హోస్ట్ ఆగిపోతూ ఉండవచ్చు. అప్పుడు 3 పంపకండి. అంగీకారం ఇచ్చే అధికారం డిస్పాచర్‌ది, అది నల్‌తో పిలిచిందంటేనే ఇచ్చినట్టు. మిగతా అన్ని దారుల్లోనూ రకం 4 పంపండి, అదీ కుదరకపోతే కనెక్షన్ మూసేయండి. క్లయింట్‌ను ఊరికే ఎదురుచూసేలా వదలడం ఒక్కటే చేయకూడని పని.

ఈ నల్ పిలుపు ఎప్పుడు వస్తుందో కూడా తెలిసి ఉండాలి. డబ్ల్యూసీఎఫ్ డిస్పాచర్ ఏ ఆపరేషన్ అన్నది గుర్తించాక, దాన్ని నడపడానికి ముందే రిప్లైని నల్‌తో పిలుస్తుంది. అంటే సర్వీస్ కోడ్‌లో మొదటి లైన్ నడవక ముందే క్లయింట్‌కు 3 చేరిపోవచ్చు. ఆపరేషన్‌లో ఎక్సెప్షన్ వస్తే క్లయింట్‌కు తెలియకపోవడానికి కారణం ఇదే. ఇది మీ ట్రాన్స్‌పోర్ట్ లోపం కాదు, సరిచేయబోకండి. వెబ్ సర్వీస్‌లు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయడానికి నియమాలు పెట్టిన డబ్ల్యూఎస్-ఐ బేసిక్ ప్రొఫైల్ 1.1 కూడా వన్-వేలో 2తో మొదలయ్యే హెచ్‌టీటీపీ స్టేటస్ చూసి మెసేజ్ సరైనదని గానీ, దాన్ని ప్రాసెస్ చేస్తారని గానీ క్లయింట్ అనుకోకూడదని నియమం పెట్టింది.

ఐదో అడుగు: క్లయింట్ ఏం తిరిగివ్వాలి

రకం 3 వస్తే మీ రిక్వెస్ట్ మెథడ్ నల్ తిరిగివ్వాలి. ఖాళీ మెసేజ్ ఒకటి తయారు చేసి ఇద్దామన్న ఆలోచన మంచిదిగానే కనిపిస్తుంది గానీ ఇవ్వకండి. పైన ఉన్న పొర వన్-వే కాల్‌కు నల్ వచ్చిందా అని చూస్తుంది. ఏదైనా మెసేజ్ వస్తే, వన్-వే ఆపరేషన్ నల్ కాని మెసేజ్ తిరిగిచ్చిందని ప్రోటోకాల్ ఎక్సెప్షన్ విసురుతుంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. జవాబు కోరే ఆపరేషన్‌కు మీరు నల్ ఇస్తే, సర్వర్ అర్థవంతమైన జవాబు ఇవ్వలేదని, కాంట్రాక్ట్ తేడా వల్లో సెషన్ ముందే మూతపడటం వల్లో సర్వర్ లోపలి తప్పు వల్లో ఇలా జరిగి ఉండవచ్చని ఎక్సెప్షన్ వస్తుంది. సొంత ట్రాన్స్‌పోర్ట్‌లో ఈ మాట కనిపిస్తే ముందు చూడాల్సింది కనెక్షన్ తెగినప్పుడు మీ కోడ్ ఏం చేస్తోందన్నది. సాకెట్ చదువుతూ ఉండగా 0 బైట్లు వచ్చాయంటే అవతలివాళ్లు మూసేశారు. దాన్ని "జవాబు లేదు" అనుకుని నల్ ఇచ్చే కోడ్‌తో చాలా ప్రమాదం. మామూలు కాల్‌లో కనీసం ఆ ఎక్సెప్షన్ అయినా వస్తుంది. వన్-వే కాల్‌లో అయితే అదే నల్ విజయంలా కనిపిస్తుంది! సర్వర్ కూలిపోతే మెసేజ్ చేరిందని క్లయింట్ నమ్ముతుంది. నల్ తిరిగివ్వడానికి ఒకే ఒక్క దారి ఉండాలి: పూర్తి 21 బైట్లు చదివాం, రకం 3, ఐడీ మనదే. ఇంకే దారిలోనూ నల్ రాకూడదు.

రకం 2 వస్తే అందులో ఉన్న మెసేజ్‌ను ఉన్నదున్నట్టు పైకి ఇవ్వండి. కాల్ వన్-వే అయినా సర్వర్ నుంచి ఫాల్ట్ రావచ్చు. సర్వర్ గుర్తించని యాక్షన్‌తో (ఏ ఆపరేషన్ కావాలో చెప్పే గుర్తుతో) మెసేజ్ వెళ్తే డిస్పాచర్ అసలు ఆపరేషన్ దాకా పోదు, ఫాల్ట్ పంపేస్తుంది. పై పొర దాన్ని చూసి వన్-వే ఆపరేషన్ ఫాల్ట్ తిరిగిచ్చిందని ఎక్సెప్షన్ ఇస్తుంది, కారణం కూడా అందులోనే ఉంటుంది. మీ ట్రాన్స్‌పోర్ట్ దాన్ని మింగేస్తే ఆ సమాచారం శాశ్వతంగా పోయినట్టే.

రకం 4కు కమ్యూనికేషన్ ఎక్సెప్షన్ కుటుంబంలోది ఒకటి విసరండి. క్యూ నిండిపోయి తీసుకోలేదంటే సర్వర్ టూ బిజీ ఎక్సెప్షన్ సరిపోతుంది. సమయం మించితే టైమవుట్ ఎక్సెప్షన్. సాకెట్ ఎక్సెప్షన్లను అలాగే బయటికి పోనివ్వకండి, ఛానల్ వాడేవాళ్లు ఆ రెండు కుటుంబాల కోసమే కోడ్ రాసుకుని ఉంటారు.

ఆరో అడుగు: బఫర్లు, స్ట్రీమ్‌లు

ఎక్కువసేపు ఆగి ఆలోచించాల్సిన చోటు ఇది. మామూలు కాల్‌లో జవాబు వెళ్లేసరికి రిక్వెస్ట్‌తో పని అయిపోయి ఉంటుంది. అందుకే చాలా ట్రాన్స్‌పోర్ట్‌లు జవాబు పంపగానే రిక్వెస్ట్ బఫర్‌ను బఫర్ మేనేజర్‌కు (బఫర్లను మళ్లీ మళ్లీ వాడుకోనిచ్చే భాగానికి) తిరిగిచ్చేస్తాయి. వన్-వేలో ఈ వరుస తలకిందులవుతుంది. 3 వెళ్లిపోయాక ఆపరేషన్ మొదలవుతుంది, అప్పుడే మెసేజ్ బాడీ చదవడమూ మొదలవుతుంది. ఈలోపు బఫర్‌ను తిరిగిచ్చేసి ఉంటే అదే బఫర్‌ను ఇంకో కనెక్షన్ తీసుకుని తన డేటాతో నింపేస్తుంది. ఒక మెసేజ్ మొదలు, ఇంకో మెసేజ్ తోక కలిసిపోయి డీసీరియలైజేషన్ తప్పులు వస్తాయి. అవి లోడ్ పెరిగినప్పుడే వస్తాయి, మీ మెషీన్‌లో ఎంత ప్రయత్నించినా కనిపించవు.

అందుకే బఫర్ ఆయుష్షును రిప్లైకి ముడిపెట్టకండి, మెసేజ్ క్లోజ్‌కు ముడిపెట్టండి. మెసేజ్ ఎన్‌కోడర్‌కు బఫర్ మేనేజర్‌ను ఇచ్చి చదివిస్తే, మెసేజ్ క్లోజ్ అయినప్పుడు బఫర్ వెనక్కి వెళ్లే ఏర్పాటు మామూలుగా అందులోనే ఉంటుంది. మీరు విడిగా తిరిగిచ్చే లైన్ ఏదైనా రాసి ఉంటే వెతికి తీసేయండి. ఒకే బఫర్‌ను రెండుసార్లు తిరిగిచ్చినా ఫలితం ఇలాగే ఉంటుంది.

బాడీని మెమరీలోకి మొత్తం తెచ్చుకోకుండా స్ట్రీమ్‌గా ఇచ్చే ట్రాన్స్‌పోర్ట్ అయితే ఇంకో మెలిక ఉంది. 3 వెళ్లే సమయానికి రిక్వెస్ట్ బాడీలో కొంత ఇంకా సాకెట్‌లోనే ఉండవచ్చు. క్లయింట్ తన వైపు రాయడం పూర్తి చేసి, 3 అందుకుని, కనెక్షన్‌ను పూల్‌లో పెట్టి, వెంటనే అదే కనెక్షన్ మీద ఇంకో రిక్వెస్ట్ పంపేస్తుంది. సర్వర్‌లో పాత బాడీ ఇంకా చదవడం కాలేదు. మీ రీడర్ ఇప్పుడు తర్వాతి ఫ్రేమ్ హెడర్ కోసం చూస్తే పాత బాడీ బైట్లను హెడర్ అనుకుంటుంది. కాబట్టి తర్వాతి ఫ్రేమ్ చదవడం పాత మెసేజ్ క్లోజ్ అయ్యాకే మొదలుకావాలి. ఆపరేషన్ బాడీని సగంలో వదిలేస్తే, క్లోజ్ సమయంలో మిగిలిన బైట్లను మీరే చదివి పారేయాలి. మిగిలింది మరీ ఎక్కువుంటే చదవడం కన్నా కనెక్షన్‌ను మూసేయడం మేలు. ఆ హద్దు ఎంతో కాన్ఫిగరేషన్‌లో పెట్టండి.

పంపే వైపు సులువే. మెసేజ్‌ను మీరు రాసేశాక దాన్ని క్లోజ్ చేసే బాధ్యత మీదే. ఎక్సెప్షన్ వచ్చినా క్లోజ్ జరిగేలా ఫైనలీ బ్లాక్‌లో పెట్టండి.

ఏడో అడుగు: పంపేవాడి వేగానికి కళ్లెం

మామూలు కాల్‌లో క్లయింట్ జవాబు కోసం ఆగుతుంది కాబట్టి సర్వర్ ఎంత వేగంగా పని చేస్తే అంత వేగంగానే కొత్త కాల్‌లు వస్తాయి. వన్-వేలో ఆ తాడు తెగిపోతుంది. క్లయింట్ లూప్ పెట్టి మెసేజ్‌లు కుమ్మరిస్తూ పోతే, ఒక్కో ఆపరేషన్‌కు సెకను పట్టే సర్వర్ ఎప్పటికీ అందుకోలేదు.

డబ్ల్యూసీఎఫ్‌లో సర్వీస్ థ్రాట్లింగ్ ఉంది. ఏకకాలంలో నడిచే కాల్‌ల హద్దు నిండితే డిస్పాచర్ మీ దగ్గర నుంచి కొత్త మెసేజ్‌లు తీసుకోవడం ఆపుతుంది. అక్కడి నుంచి భారం మీ ఇన్‌పుట్ క్యూ మీద పడుతుంది. ఆ క్యూకు హద్దు లేకపోతే మెమరీ అయిపోయేదాకా పెరుగుతూనే ఉంటుంది. హద్దు పెట్టండి, నిండాక సాకెట్ నుంచి చదవడం ఆపేయండి. టీసీపీ విండో దానంతటదే మూసుకుపోతుంది, అవతల రాస్తున్న క్లయింట్ ఆగుతుంది. విడిగా ఏ ప్రోటోకాల్ కనిపెట్టక్కర్లేదు.

యూడీపీలో ఈ సదుపాయం లేదు. నిండితే పోతాయి. పైగా ఐపీవీ4 మీద ఒక డేటాగ్రామ్‌లో 65,507 బైట్లకు మించి పట్టదు, అంతకన్నా పెద్ద మెసేజ్‌ను పంపే ముందే తిరస్కరించండి.

ఎనిమిదో అడుగు: సెండ్ ముగిసిందంటే ఏమిటో రాసిపెట్టడం, క్లోజ్‌లో పాటించడం

అవుట్‌పుట్ ఛానల్ రాస్తుంటే సెండ్ ఎప్పుడు తిరిగిరావాలో మీ ఇష్టం. మెసేజ్‌ను మీ లోపలి క్యూలో పెట్టగానే రావచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ సాకెట్ బఫర్‌లోకి రాశాక రావచ్చు. అవతలి నుంచి 3 లాంటిది వచ్చాక రావచ్చు. బ్రోకర్ క్యూ అయితే డిస్క్ మీద రాశానని బ్రోకర్ చెప్పాక రావచ్చు. ఉత్తరాన్ని డబ్బాలో వేయడానికీ రశీదు తీసుకోవడానికీ ఉన్నంత తేడా వీటి మధ్య ఉంది, మీ ట్రాన్స్‌పోర్ట్ వాడేవాళ్లకు అది ముందే తెలియాలి. డాక్యుమెంటేషన్‌లో ఒక్క వాక్యంలో రాయండి. నా మట్టుకు నేను, అవతలి నుంచి అంగీకారం తెచ్చుకోగల అవకాశం ఉంటే దాని కోసం ఆగమనే చెబుతాను. ఒక రౌండ్ ట్రిప్ ఖర్చవుతుంది, అయితే సర్వర్ లేదన్న సంగతి క్లయింట్‌కు అప్పటికప్పుడే తెలుస్తుంది.

లోపలి క్యూ పద్ధతి ఎంచుకుంటే క్లోజ్ మీద శ్రద్ధ పెట్టాలి. ఒక్క మెసేజ్ పంపి వెంటనే ఛానల్ క్లోజ్ చేసి బయటపడే ప్రోగ్రామ్‌లు చాలా ఉంటాయి. క్లోజ్ అంటే క్యూలో ఉన్నవన్నీ ఇచ్చిన టైమవుట్ లోపల పంపేసి మూయడం. పంపలేకపోతే టైమవుట్ ఎక్సెప్షన్. అబార్ట్ అయితే ఉన్నపళంగా వదిలేయవచ్చు. సర్వర్ వైపు కూడా, 3 పంపేసిన మెసేజ్ ఏదీ డిస్పాచర్‌కు చేరకుండా లిసనర్ మూతపడకూడదు. డిస్పాచర్ నల్‌తో పిలిచాకే 3 పంపే పద్ధతి పాటిస్తే ఇది దానికదే సరిపోతుంది. సాకెట్ నుంచి చదవగానే తొందరపడి 3 పంపే డిజైన్ మాత్రం ఇక్కడే దెబ్బతింటుంది.

టైమవుట్ వచ్చినప్పుడు మెసేజ్ చేరిందో లేదో క్లయింట్‌కు తెలియదు. ట్రాన్స్‌పోర్ట్ లోపల దాన్ని మళ్లీ పంపే కోడ్ రాయకండి. 3 దారిలో తప్పిపోయి ఉంటే ఆపరేషన్ రెండుసార్లు నడుస్తుంది. మళ్లీ పంపడం తప్పనిసరి అయితే అప్లికేషన్ మెసేజ్‌లోనే ఒక ఐడీ పెట్టి, సర్వర్ ఆ ఐడీని ఇప్పటికే చూసిందా అని పరిశీలించాలి. లేదా ఈ పని కోసమే ఉన్న డబ్ల్యూఎస్-రిలయబుల్ మెసేజింగ్‌ను పై పొరలో పెట్టుకోవాలి.

జావా వైపు

జావా వెబ్ సర్వీస్ ఏపీఐ అయిన జాక్స్-డబ్ల్యూఎస్‌లో వన్‌వే అనోటేషన్ ఉంటుంది, నియమాలు దాదాపు ఇవే. అపాచీ సీఎక్స్‌ఎఫ్ ఫ్రేమ్‌వర్క్‌లో క్లయింట్ వైపు కండ్యూట్‌కు, సర్వర్ వైపు డెస్టినేషన్‌కు కోడ్ రాస్తారు. డబ్ల్యూసీఎఫ్‌కూ దీనికీ పెద్ద తేడా, మెసేజ్‌తో వచ్చే ఎక్స్ఛేంజ్ వస్తువును అడిగితే అది వన్-వేనో కాదో చెప్పేస్తుంది. కాబట్టి ఇక్కడ రిక్వెస్ట్ ఫ్రేమ్‌లో వన్-వే బిట్ పెట్టడం సాధ్యమే. సర్వర్‌లో వన్-వే అని తెలియగానే ఒక ఇంటర్‌సెప్టర్ ఖాళీ జవాబును ముందే పంపి, మిగతా పనిని వేరే థ్రెడ్‌కు అప్పగిస్తుంది. బఫర్ గురించి పైన చెప్పిన జాగ్రత్త ఇక్కడా అంతే అవసరం. పని పూర్తయ్యేదాకా ఆగి తప్పులు చెప్పాలంటే రోబస్ట్ వన్‌వే సెట్టింగ్ ఉంది. అపాచీ యాక్సిస్2 క్లయింట్‌లో ఈ ఎంపిక మెథడ్ పేర్లలోనే కనిపిస్తుంది: ఫైర్‌అండ్‌ఫర్గెట్ సర్వర్ తప్పులను పట్టించుకోదు, సెండ్‌రోబస్ట్ పట్టించుకుంటుంది.

పరీక్షలు

10 సెకన్లు నిద్రపోయే వన్-వే ఆపరేషన్ రాసి, క్లయింట్ కాల్ ఆ 10 సెకన్లు ఆగకుండా వెంటనే తిరిగివస్తోందేమో చూడండి. ఆగితే 3 ఆలస్యంగా వెళ్తోందని అర్థం. ఎక్సెప్షన్ విసిరే వన్-వే ఆపరేషన్‌ను పిలిచి, క్లయింట్‌కు ఏమీ తెలియకుండానే తర్వాతి కాల్ అదే కనెక్షన్ మీద నడుస్తోందో లేదో చూడండి. తప్పుడు యాక్షన్‌తో ఒక మెసేజ్ పంపండి, క్లయింట్‌కు ఫాల్ట్ గురించి ఎక్సెప్షన్ రావాలి. వాయిడ్ తిరిగిచ్చే మామూలు ఆపరేషన్‌నూ వన్-వే ఆపరేషన్‌నూ ఒకే కనెక్షన్ మీద ఒకదాని తర్వాత ఒకటి పిలవండి.

సర్వర్ రిక్వెస్ట్ మొత్తం చదివి 3 పంపేలోపు దాన్ని చంపేయండి. క్లయింట్‌కు కమ్యూనికేషన్ ఎక్సెప్షన్ రావాలి, విజయం రాకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైన టెస్ట్ ఇదే అని నా నమ్మకం, బిల్డ్ జరిగిన ప్రతిసారీ నడిచేలా పెట్టండి. స్ట్రీమ్ పద్ధతి ఉంటే, పెద్ద బాడీ పంపి ఆపరేషన్‌లో మొదటి కొన్ని బైట్లే చదివి వదిలేయండి, ఆ వెంటనే అదే కనెక్షన్ మీద ఇంకో కాల్ చేయండి. చివరిగా, ఇన్‌పుట్ క్యూ హద్దును 2కు తగ్గించి, చాలా క్లయింట్ల నుంచి ఒకేసారి వన్-వే మెసేజ్‌లు కుమ్మరించి సర్వర్ మెమరీని గమనించండి. పంపినవాటి ఐడీలనూ ఆపరేషన్ దాకా చేరినవాటి ఐడీలనూ రెండు ఫైళ్లలో రాయించి పోల్చండి. క్లయింట్ 3 అందుకున్న ప్రతి ఐడీ సర్వర్ ఫైల్‌లో సరిగ్గా ఒక్కసారే ఉండాలి.